మూడు వేళ్ళు

17 ఏప్రిల్ 2008, గురువారం

ఈ రోజుతో నాకు ఇరవై మూడేళ్ళు నిండాయి. సర్టిఫికెట్ ప్రకారం ఇంకా ఇరవయ్యే. జూన్‌లో ఇరవై ఒకటి వస్తుంది. అమ్మ సేమ్యా పాయసం చేసింది. బాపు ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి ఒక గ్లాసు తాగి, ఎందుకు చేశావని అడిగి, ఇంకో గ్లాసు తాగి పడుకున్నాడు.

స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ రాజరాజేశ్వరి మేడమ్ నన్ను పిలిచారు. నా గొంతు రెండో బెంచీ దాటడం లేదన్నారు. ఎల్‌కేజీలో ఉన్నవి నాలుగు బెంచీలే. వెనక రెండు బెంచీల పిల్లలు ఏడాదంతా నా పెదాలు చూసి ఏబీసీడీలు నేర్చుకున్నారని నాకు తెలుసు. ఆ మాట మేడమ్‌కు చెప్పలేదు. నా ప్రొబేషన్ జూన్‌తో అయిపోతుంది.

వచ్చే సోమవారం నుంచి కొత్త పిల్లలకు ఇంటర్వ్యూలు. అవి నేనే చెయ్యాలట. "మీరైతే పిల్లలు జడుసుకోరమ్మా" అన్నారు మేడమ్. మెచ్చుకున్నట్టు లేదు.

21 ఏప్రిల్, సోమవారం

ఫారంలో పది ప్రశ్నలున్నాయి. పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, మూడు రంగులు, ఒకటి నుంచి పది, ఒక పాట, బాత్రూంకు వెళ్ళాలంటే చెప్పగలదా, చేతిని తల మీదుగా పోనిస్తే అవతలి చెవి అందుతుందా, ఇలా. అడుగున రెండు గళ్ళు. ఒకటి 'సిద్ధం', రెండోది 'వచ్చే ఏడాది'. ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

పదకొండు మంది వచ్చారు. ఒకడు నా టేబుల్ కింద దూరి అక్కడి నుంచే పది దాకా లెక్కపెట్టాడు. సిద్ధం. ఒకమ్మాయి ఏడ్చి, పాట పాడి, మళ్ళీ ఏడ్చింది. సిద్ధం.

తొమ్మిదో పిల్ల హర్షిణి. తాత రాయమల్లు తీసుకొచ్చాడు. బొగ్గు బాయిలో పని చేసి రిటైరై దిగిపోయినవాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో బర్త్ సర్టిఫికెట్. తల్లి బాలింతట. తండ్రి సంపత్ డ్యూటీలో ఉన్నాడట. నేను కూర్చోమనే లోపే చెప్పాడు: "మూడున్నరేండ్లు, టీచరమ్మా. ఇంకా నాలుగు రాలె." తర్వాత నేను అడగకుండానే ఆ మాట ఇంకో మూడుసార్లు చెప్పాడు.

పిల్ల పొడుగ్గా ఉంది. తాత నా చూపు పట్టుకుని, తమ ఇంట్లో అందరూ పొడుగేనన్నాడు. తాను నా భుజం దాకా ఉన్నాడు.

పేరేమిటని అడిగాను. హర్షిణి పెదాలు బిగించి మూడు వేళ్ళు చూపించింది. అమ్మ పేరు అడిగాను. మూడు వేళ్ళు. బంతి ఏ రంగు అంటే మూడు వేళ్ళు. బాత్రూంకు వెళ్ళాలంటే ఎవరికి చెప్తావు అంటే, కాసేపు ఆలోచించి, మూడు వేళ్ళు.

టిక్కు పెట్టకుండా ఫారం పక్కన పెట్టాను.

22 ఏప్రిల్

ఆ మూడు వేళ్ళ పిల్ల గుర్తొస్తోంది.

24 ఏప్రిల్, గురువారం

మేడమ్ ఫారం చూసి 'వచ్చే ఏడాది' గడిలో టిక్కు పెట్టమన్నారు. నోరు విప్పని పిల్లను ముప్పై మందిలో కూర్చోబెడితే కష్టమని, ఏడాది ఇంట్లో ఉంటే మాటలొస్తాయని అన్నారు. ఇంకో మూడుసార్లు కూర్చోబెట్టి చూస్తానన్నాను. ఏమన్నారు అని అడిగారు. మళ్ళీ చెప్పాను. మూడోసారికి వినిపించింది.

మే పదో తారీఖు వరకు గడువు ఇచ్చారు. "ఆ రోజు రెండు లిస్టులు పెడతానమ్మా. పిల్లలది బోర్డు మీద, స్టాఫ్‌ది నా టేబుల్ మీద" అన్నారు.

25 ఏప్రిల్, శుక్రవారం

లైబ్రరీ నుంచి శిశు మనస్తత్వం మీద పుస్తకం తెచ్చాను. 1961లో అచ్చయింది. నలభై పేజీలు చదివాను. తక్కువ మాట్లాడే పిల్లలు ఎక్కువ గమనిస్తారట. వాళ్ళను తొందరపెట్టకూడదట. అలాంటి పిల్లకు అలాంటి టీచరే దొరికితే మొగ్గ విచ్చుకున్నట్టు విచ్చుకుంటుందట. ఈ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. లైబ్రరీ పుస్తకం మీద గీయకూడదు.

హర్షిణి ఎందుకు మాట్లాడదో నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. లోపల మాటలుంటాయి. అవి గొంతు దాకా వస్తాయి. అక్కడ ఎవరో గేటు వేస్తారు. ఎవరు వేస్తారో మాకూ తెలియదు. పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. నేను కాన్వెంట్‌లో పదేళ్ళు చదివి ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. జవాబు తెలియక కాదు. సిస్టర్లు నా ప్రోగ్రెస్ కార్డులో ఏటా 'క్వయిట్' అని రాసేవారు. మంచి మార్కుల పక్కన అది కూడా ఒక మార్కులాగే ఉండేది.

మేమిద్దరం ఒకటే రకం. మొన్న ఆ పిల్ల నన్ను చూసిన చూపులో అది ఉంది.

27 ఏప్రిల్, ఆదివారం

అమ్మ బీరువా సర్దుతూ నా ఎల్‌కేజీ గ్రూపు ఫోటో తీసింది. నలభై మంది పిల్లలు, ఒక సిస్టర్. ఫోటోగ్రాఫర్ ఏదో జోకు వేసినట్టున్నాడు, అందరూ నవ్వుతున్నారు. సిస్టర్ కూడా. వెనక వరసలో చివరన నేను, పెదాలు బిగించుకుని. "ఎంత బుద్ధిగ ఉన్నదో చూడు" అంది అమ్మ. వెనక వరస ఎందుకంటే నేను పొడుగు.

29 ఏప్రిల్, మంగళవారం

హర్షిణితో రెండోసారి కూర్చున్నాను. రాయమల్లు కాక (ఇక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తాం) గది బయట స్టూలు మీద కూర్చున్నాడు. మేమిద్దరం కనిపించేలా తలుపు తీసి ఉంచాలన్నాడు.

రంగు పూసలు కలిపి ఇచ్చాను. నిమిషంలో వేరుచేసింది. బొమ్మ ముక్కలు ఇచ్చాను, అతికించింది. యూకేజీ వాళ్ళ బొమ్మ ఇచ్చాను, అదీ అతికించింది. పలక ఇస్తే తాతవైపు చూసి, ఒక నిలువు గీత గీసి ఆపేసింది. చేతిని తల మీదుగా పెట్టమన్నాను. అవతలి చెవి అందడమే కాదు, చెవి తమ్మె పట్టుకుని గుంజి చూపించింది. మూడున్నరేళ్ళకు చెవి అందదని పుస్తకంలో ఉంది. పుస్తకం పాతది.

నోరు మాత్రం తెరవలేదు. చాక్లెట్ ఇచ్చాను. జేబులో పెట్టుకుంది.

ఫారం మీద 'అసాధారణ ప్రతిభ' అని రాశాను. మేడమ్ దాన్ని చదివి, నోరు లేని మేధావులు స్కూల్లో ఇప్పటికే ఒకరున్నారమ్మా అన్నారు. నేనేమీ అనలేదు. ఆవిడ చెప్పింది రుజువైంది.

1 మే

సెలవు. బాపు యూనియన్ జెండా ఎగరెయ్యడానికి వెళ్ళి ఎండదెబ్బతో వచ్చాడు.

2 మే, శుక్రవారం

మూడోసారి. రాయమల్లు కాక ఎదురుగా ఉన్న హోటల్‌కు చాయ్ కోసం వెళ్ళాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను ఒక కథ చెబుతున్నాను, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం పేల్చారు. రోజూ పేలుస్తారు. ఇరవై మూడేళ్ళుగా ఆ అదురులోనే అన్నం తింటున్నాను. కానీ ఈ రోజు పెద్దది పెట్టినట్టున్నారు. కిటికీలు గడగడలాడాయి, అల్మరా మీది గ్లోబు దొర్లి నా కాలి మీద పడింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన శబ్దం ఇక్కడ రాయను.

హర్షిణి పకపకా నవ్వింది. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి. కింది ముందు పళ్ళు రెండు లేవు. ఒక సందులో కొత్త పన్ను కొన బియ్యపు గింజలా కనిపిస్తోంది.

వెంటనే ఒక చేత్తో నోరు మూసుకుంది. రెండో చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించింది.

3 మే, శనివారం

కింది పళ్ళు ఆరేళ్ళకు ఊడతాయి, ఒక్కోసారి ఐదున్నరకు. మూడున్నరకు ఎవరికైనా ఊడాయా అని పుస్తకమంతా వెతికాను. పడిపోయి విరిగి ఉండొచ్చు. కానీ విరిగిన చోట మూడున్నరకే కొత్త పన్ను రాదు.

సాయంత్రం లక్ష్మీనగర్ కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాను. టమాటాల దగ్గర ఒక చిన్న గొంతు ఆగకుండా మాట్లాడుతోంది. ఈ టమాటా మెత్తగున్నది, ఆ టమాటా మంచిగున్నది, మా అమ్మ మొన్న తీస్కపోయిన దాంట్ల పురుగున్నది. అమ్మేవాడు దండం పెడుతున్నాడు. హర్షిణి. పక్కన రాయమల్లు కాక సంచీ పట్టుకుని ఉన్నాడు.

నేను చెరుకు రసం బండి వెనక్కి జరిగాను.

"తాతా, నిన్న టీచరమ్మ ఎట్ల ఎగిరిందో తెల్సా? గిట్ల." చూపించింది. శబ్దంతో సహా. బండివాడు నవ్వాడు. పోలిక బాగానే ఉంది.

మేమిద్దరం ఒకటే రకం కాదు.

ఒక గ్లాసు చెరుకు రసం తాగాను. దాక్కున్నందుకు ఏదో ఒకటి కొనాలి కదా.

5 మే, సోమవారం

ఈ రోజు చాలా రాయాలి.

రాయమల్లు కాకను స్కూలుకు రమ్మని కబురు పెట్టాను. పిల్లను వరండాలో కూర్చోబెట్టి ఆయన్ను గదిలోకి పిలిచాను. ఏమడగాలో కాగితం మీద రాసుకున్నాను. కాగితం చూడకుండానే అడిగేశాను: "కాకా, పిల్లకు ఎన్నేండ్లు?"

"మూడున్నర."

"పండ్లు ఊడినయి కదా కాకా."

కాక లేచి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. ఐదున్నర అన్నాడు.

ఊళ్ళో ఇంటి దగ్గరే పుట్టిందట. సర్టిఫికెట్ రెండేళ్ళ తర్వాత రాయించారట. రాయించేటప్పుడు ఆ రెండేళ్ళూ తీసేశారు. ఎందుకని అడిగితే తన నోరు తెరిచి చూపించాడు. పైన ముందు పన్ను లేదు.

"ఇది ఎద్దు తన్నితే ఊడింది. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. బాయిల పనికి పోతే డాక్టరు నోరు తెరువుమన్నడు. పన్ను లేనిది సూసి ఇరవై ఆరు అని రాసిండు. నేను సదువుకోలె, గాయన రాసిందే ఖాయం. యాభై నాలుగేండ్లకు దిగిపొమ్మన్నరు. నాకంటె ముసలోళ్ళు ఇంకా డ్యూటీ చేస్తున్నరు, నేను ఆరేండ్లు ముందుగాల ఇంట్ల కూసున్న. పన్నొక్కటి, ఏండ్లు ఆరు."

అందుకని మనవరాలి విషయంలో ముందే జాగ్రత్తపడ్డాడు. అసలు లెక్కన ఆమె రెండు వేల అరవై రెండులో రిటైర్ అవుతుంది. ఆయన రాయించిన లెక్కన అరవై నాలుగులో అవుతుంది. ఏ ఉద్యోగంలో అని అడగబోయి ఆగాను. ఆయన దాని గురించి ఆలోచించినట్టు లేదు. ఏదైనా ఇంకో రెండేళ్ళు ఉంటుంది, అంతే.

స్కూల్లో చేర్పిద్దామనేసరికి పళ్ళు ఊడాయి. ఇంటర్వ్యూ అంటే ఆయనకు తెలిసింది డాక్టర్ ఇంటర్వ్యూ ఒక్కటే. పళ్ళు చూసి ఏళ్ళు రాస్తారు. అందుకే పిల్లకు నేర్పాడు: స్కూల్లో నోరు తెరవద్దు, ఎవరేమడిగినా మూడు వేళ్ళు చూపించు. పదిరోజులు ఇంట్లో ప్రాక్టీసు చేయించాడట. పిల్ల హుషారుది, ఒక్కసారి చెప్తే మర్చిపోదు అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగింది.

నోరు తెరవకపోతే మేడమ్ 'వచ్చే ఏడాది' అంటారని చెప్పాను. అప్పటికి ఆరున్నర. ఆ పై ఏడాది కూడా మూడు వేళ్ళేనా అని అడిగాను. ఆ లెక్క ఆయన వెయ్యలేదు. రెండు వేల అరవై నాలుగు దాకా వేసినవాడు వచ్చే జూన్ సంగతి చూడలేదు. తల గోక్కుంటూ, ఎల్లుండొస్తా అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఈ సంగతంతా బాపుకు చెప్పాను, నవ్వుతాడని. నవ్వలేదు. రాయమల్లును తెలుసన్నాడు. మంచోడు, కాని పని సగం చేసిండు అన్నాడు. మరి మొత్తం ఎలా చెయ్యాలి అని అడిగాను. పిల్లకు చెప్పేటప్పుడే ఎందాక అనేది కూడా చెప్పాలె అన్నాడు.

"నీకు గట్లనే చెప్పిన గదా. సిస్టరమ్మ పండ్లు చూస్తె పట్టుకుంటది, అడ్మిషన్ అయ్యెదాక నోరు తెరవకు బిడ్డా అని."

నాకు సర్టిఫికెట్ సంగతి తెలుసు. ఈ కాలనీలో రెండు పుట్టినరోజులు లేనిది ఎవరికి. నోటి సంగతి తెలియదు.

అడ్మిషన్ అయ్యాక ఏం చెప్పావని అడిగాను.

బాపు ఆలోచించాడు. "అయినంక నాకు నైట్ షిఫ్టు పడ్డది. యాదిమర్చిన."

అంతకుముందు నేనెలా ఉండేదాన్నని అడిగాను. వంటింట్లో నుంచి అమ్మ నవ్వింది. బాపు చెప్పాడు: "అంతకు ముందా? నీ నోటికి జడిసి పక్క క్వార్టరోళ్ళు కిటికీ ఏసుకునేటోళ్ళు."

తర్వాత టీవీ పెట్టాడు.

6 మే

ఫోటో మళ్ళీ తీసి చూశాను. బుద్ధి కాదు అది. పళ్ళు.

పదిహేడేళ్ళు.

7 మే, బుధవారం

లైబ్రరీ పుస్తకంలో పెన్సిల్ గీత రబ్బరుతో చెరిపి తిరిగి ఇచ్చేశాను.

రాయమల్లు కాక పిల్లతో వచ్చాడు. కాగితం మార్చేది లేదని ముందే చెప్పాడు. కావాలంటే రెండేళ్ళలో ఒకటి వదులుకుంటాడట. ఒకటి మాత్రం ఉంచాలట. యూనియన్ వాళ్ళు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడినట్టు మాట్లాడాడు.

కాన్వెంట్‌లో పదేళ్ళు నీతి పాఠాలు చదివినదాన్ని. ఆ కాగితం తప్పు. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కాగితమూ తప్పే.

"కాగితం నీ ఇష్టం కాకా. నాకు ఒక్కటి చెయ్యి. పిల్లకు చెప్పు, ఇంక మాట్లాడొచ్చు అని. ఇప్పుడే చెప్పు, నా ముందల. తర్వాత చెప్త అంటె మర్చిపోతరు."

ఇదంతా ఒక్క ఊపిరిలో అన్నాను. వరండాలో ఉన్న ఆయా లోపలికి తొంగి చూసింది, ఎవరు అరుస్తున్నారో అని.

ఆయన పళ్ళ గురించి మళ్ళీ ఎత్తాడు. ఈ స్కూల్లో పళ్ళు చూసి ఎవరూ ఏమీ రాయరని, నోరు మూసుకుంటేనే రాస్తారని చెప్పాను. ఫారం చూపించి 'వచ్చే ఏడాది' గడి మీద వేలు పెట్టాను. ఆయనకు చదువు రాదు. కానీ గడి అర్థమైంది.

హర్షిణి ముందు గొంతుక్కూర్చుని, "బిడ్డా, ఇగ మాట్లాడు. తాత చెప్తున్నడు" అన్నాడు.

హర్షిణి నావైపు చూసింది, తాతవైపు చూసింది. "ఇప్పటిసందేనా?"

"ఇప్పటిసందే."

"ఇంటికి పోయినంక మల్ల వద్దంటవా?"

"అనను."

మొదట తన పేరు చెప్పింది. అమ్మ పేరు, బాపు పేరు, కొత్తగా పుట్టిన తమ్ముడి పేరు, తమ్ముడికి పేరు పెట్టేటప్పుడు ఎవరు అలిగారో వాళ్ళ పేర్లు. ఇరవై మూడు రంగులు చెప్పింది, అందులో టమాటా రంగు రెండు రకాలు. ఒకటి నుంచి వంద. పది ప్రశ్నలకూ వరసగా జవాబులు చెప్పింది. మొదటి రోజు అడిగినవన్నీ గుర్తున్నాయి. బాత్రూంకు వెళ్ళాలంటే ఆయమ్మకు చెప్తానంది, చెప్పి వెంటనే వెళ్ళింది. పదహారు రోజులుగా ఆపుకున్నదేమో అనిపించింది.

తిరిగొచ్చి నన్ను అడిగింది: "టీచర్, నువ్వెందుకు మెల్లగ మాట్లాడ్తవ్? నీక్కూడ పండ్లు ఊడినయా?"

ఊడాయని చెప్పాను. మళ్ళీ వచ్చాయని కూడా చెప్పాను. నోరు తెరవమంది. తెరిచాను. ఒక్కొక్కటీ లెక్కపెట్టి, అన్నీ ఉన్నయి అంది.

'సిద్ధం' గడిలో టిక్కు పెట్టాను. సంతకం పెద్దగా వచ్చింది.

10 మే, శనివారం

బోర్డు మీద లిస్టులో హర్షిణి పేరు ఉంది. రాయమల్లు కాక చదివించుకుని వెళ్ళాడు, రెండుసార్లు.

మేడమ్ పిల్లను పిలిచి మాట్లాడించారు. మాట్లాడించాల్సిన అవసరం లేదని తెలుసుకుని, ఆపించి పంపేశారు. పిల్లకేం చేశారని నన్ను అడిగారు. తాతగారు పర్మిషన్ ఇచ్చారని చెప్పాను. మూడున్నరేళ్ళకే పళ్ళు ఊడాయేంటని అడిగారు.

మేడమ్ భీమవరం నుంచి వచ్చి ఇక్కడ పాతికేళ్ళయింది. నా మొహం చూసి కళ్ళద్దాలు తీశారు. "నాకు చెప్పక్కర్లేదమ్మా. ఈ ఊళ్ళో కాగితాల్ని బట్టి చూస్తే మా వాచ్‌మన్ నాకంటే చిన్నవాడు. ముందు ఎల్‌కేజీలో కూర్చోనివ్వండి. దసరాకి యూకేజీలోకి జరుపుదాం. కాగితం కదలకపోయినా పిల్ల కదులుతుంది."

స్టాఫ్ లిస్టు టేబుల్ మీద బోర్లించి ఉంది. తిప్పి చూపించలేదు. తలుపు దాకా వెళ్ళాక, నా పేరు ఉందా అని అడిగాను. మొదటిసారికే వినిపించింది. ఉందన్నారు.

12 జూన్, గురువారం

స్కూళ్ళు తెరిచారు. ఎల్‌కేజీలో ముప్పై ఒక్కమంది. పదిహేను మంది ఏడ్చారు. వాళ్ళ కోసం ఏనుగు పాట ఎత్తుకున్నాను, నాలుగో బెంచీ వరకు వెళ్ళేలా. కొంచెం ఎక్కువ దూరం వెళ్ళినట్టుంది. మేడమ్ ఆఫీసు గది నుంచి లేచి వచ్చి తలుపులో నిలబడ్డారు. ఎవరా గోల చేస్తున్నది అని అడిగారు.

పిల్లలందరూ ఏడుపు ఆపి నావైపు వేలు చూపించారు.

హర్షిణి ఒక్కతే నోరు గట్టిగా మూసుకుని, మేడమ్‌కు మూడు వేళ్ళు చూపించింది.